కొట్టేసిన ఏడు

ఊళ్ళో ఆవిడను అందరూ ఏడు టీచర్ అనేవారు. ఏడో తరగతికి పాఠాలు చెప్పేదని కాదు. ఏటా జరిగే బాలల పియానో పోటీకి ఏళ్ళ తరబడి న్యాయనిర్ణేతగా కూర్చుని, ఎవరు ఎలా వాయించినా పదికి ఏడు మార్కులే వేసేది కనక. బహుమతి రాని పిల్లలు ఆ పేరుకు ఇంకో అర్థం చెప్పుకుని నవ్వుకునేవారు. అది అంకె కాదట, ఆజ్ఞట. పోటీ అయ్యాక హాలు మెట్లమీద ఎవరైనా ముక్కు చీదుకుంటూ కనిపిస్తే, "పాపం, టీచర్ మాట జవదాటలేదు" అనేవారు.

ఆవిడ ఆడపిల్లల హైస్కూల్లో సంగీతం చెప్పేది. ఉద్యోగం పొద్దున పూట. సాయంత్రం నాలుగు దాటాక ఇంట్లో పద్నాలుగు మంది పిల్లలకు పియానో నేర్పేది. ఇల్లు మూడో అంతస్తులో రెండు గదులు. ముందుగదిని సగానికి పైగా పియానోయే మింగేసింది. వంటింటి తలుపు తెరవాలంటే వాయిస్తున్న పిల్ల లేచి, బల్ల పక్కకు జరిపి నిలబడాలి. భర్త కాఫీ కోసం లోపలికి వెళ్ళినప్పుడల్లా పాఠం ఆగేది. ఆయన రోజుకు నాలుగుసార్లు కాఫీ తాగే మనిషి. పిల్లలకు ఆయనంటే ప్రాణం.

ఆయన లిఫ్టులు తనిఖీ చేసే ఆఫీసులో ఇన్‌స్పెక్టరు. భార్య మార్కుల పద్ధతి ఆయనకు మొదటినుంచీ మింగుడుపడలేదు.

"మా ఆఫీసులో ఏడు అనేది లేదోయ్. లిఫ్టు ఎక్కొచ్చు, లేదా ఎక్కకూడదు. ఏడు మార్కుల లిఫ్టు ఎక్కుతావా నువ్వు?"

"మీ లిఫ్టులకు అమ్మానాన్నా ఉండరండీ," అనేది ఆవిడ.

ఆ మాట ఊరికే అన్నది కాదు, అనుభవం. మొదటి ఏడాది ఆవిడ చెవులు రిక్కించి విని, తోచినట్టే మార్కులు వేసింది. ఒక పిల్లవాడికి మూడు వేసింది. వాడు పియానో మెట్లను వాయించలేదు, వాటితో పాత పగ ఏదో తీర్చుకున్నాడు. వాడి నాన్న పళ్ళ డాక్టరని ఆవిడకు తెలుసు గానీ, తన పన్ను అప్పటికి ఆయన చేతిలో సగం తవ్వి ఉందన్న సంగతి మార్కు వేసేటప్పుడు గుర్తు రాలేదు. మర్నాటినుంచి ఆ క్లినిక్‌లో ఆవిడకు ఖాళీ దొరకలేదు. ఈ వారం కాదు, వచ్చే వారం. వచ్చే వారం కాదు, డాక్టరుగారు ఊళ్ళో లేరు. చివరికి దవడ వాచిపోయి, రెండు బస్సులు మారి ఊరి అవతలి డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది.

"నువ్వు వేసింది తప్పా?" అని అడిగాడు భర్త.

"తప్పేం కాదు. నిజానికి మూడు కూడా ఎక్కువే."

"మరింకేం?"

ఆవిడ చెంపమీద తడిగుడ్డ సర్దుకుంది. మరుసటి ఏడాదినుంచి అందరికీ ఏడు. అది మంచి మార్కు. చూసుకున్నవాళ్ళకు కోపం రాదు, చూపించుకున్నవాళ్ళకు గొప్ప ఉండదు. ఎవరూ ఇంటికి వచ్చి ఎందుకని అడగరు.

తక్కిన ఇద్దరు న్యాయనిర్ణేతలకు అలాంటి మొహమాటం లేదు. ఒకాయన సంగీత కళాశాల ప్రిన్సిపాలు. అందరూ పెద్దాయన అంటారు. ఆయన దృష్టిలో సంగీతమంటే లెక్క. తాళం వెంట్రుకవాసి తప్పినా ఆయన మొహం మాడిపోయేది. రెండో ఆవిడ ఒకప్పుడు నలభై ఊళ్ళలో కచేరీలు చేసి వచ్చింది కాబట్టి కచేరీ మేడం. ఆవిడ దృష్టిలో తాళం అనేది పనిమనిషిలాంటిది, మనం ఆగితే అది ఆగాలి. ఈ ఇద్దరికీ ఇరవై ఏళ్ళుగా మాటల్లేవు. ఎప్పుడో ఒక సభలో పియానో ముందు బల్ల ఎంత ఎత్తుండాలి అన్నదాని మీద మొదలైందట. ఆయన తొమ్మిది వేశాడని అనుమానం వస్తే చాలు, ఆవిడ ఐదు వేసేది. ఆవిడ కళ్ళు మూసుకుని వింటోందంటే ఆయన నాలుగుతో సరిపెట్టేవాడు. మధ్యలో మన టీచరమ్మ ఏడు. వెరసి పోటీకి వచ్చిన పిల్లలందరికీ ఇరవై ఒకటికి కాస్త అటూ ఇటూగా వచ్చేది. అరమార్కు తేడాతో కప్పు ఎవరికో ఒకరికి పోయేది.

ఈ ఏర్పాటు అందరికంటే ఎక్కువ నచ్చింది పోటీ సంఘం కార్యదర్శికి. ఆయన వ్యాపారం నేలమీద వేసే టైల్సు. "టీచర్ గారు మా బరువురాయి అండీ. ఆవిడ లేకపోతే త్రాసు ఎటు పోతుందో!" అని సభల్లో చెప్పేవాడు. ఆవిడ చప్పట్లకు తలవంచి నవ్వేది.

పన్నెండో ఏడాది పోటీకి పద్ధెనిమిది మంది పిల్లలొచ్చారు. మునిసిపల్ హాల్లో మామూలుగానే రెండో వరసలో బల్ల వేసి, తెల్లగుడ్డ పరిచి, మూతలు పెట్టిన మూడు గ్లాసులూ మూడు ఫైళ్ళూ సర్దారు. పక్షపాతం ఉండకూడదని పిల్లలను పేర్లతో కాక నంబర్లతో పిలిచారు. కాకపోతే పెద్దాయన శిష్యులు నీలం కోట్లలో వస్తారు. మేడం శిష్యులు కూర్చునే ముందు మణికట్లు మూడుసార్లు తిప్పుతారు. అంతకుమించి వాళ్ళెవరో ఎవరికీ తెలియదు.

టీచరమ్మ ఫైలు అప్పటికే నిండి ఉంది. నంబర్లున్న కాగితం రెండు రోజుల ముందే ఇంటికి వస్తుంది. ఆ పొద్దున బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే, ఒకటినుంచి పద్ధెనిమిది దాకా వరసగా ఏడు వేసేసింది. బస్సు కుదుపుకు ఆరో నంబరు ఏడు కాస్త ఒంటెలా వచ్చింది. అంతే. ఇక హాల్లో చేయాల్సిన పని నిటారుగా కూర్చుని, మధ్యమధ్య తల పంకించి, పెన్ను కాగితంమీద ఆనించడం. పిల్లలు వాయిస్తుంటే ఆవిడ మనసులో కూరగాయలు, గ్యాసు, వచ్చే వారం పరీక్ష పేపర్లు వరసగా నడిచేవి.

అందరూ వాయించాల్సింది ఒకటే పాట, నాలుగు పేజీలు. పదమూడుసార్లు అది విన్నాక పద్నాలుగో నంబరును పిలిచారు.

పదమూడేళ్ళ పిల్ల. స్కూలు యూనిఫాంలోనే వచ్చింది. చేతులు కాస్త పొడుగని రెండు మడతలు పెట్టారు గానీ, ఆ హాల్లో అంత బాగా ఇస్త్రీ చేసిన బట్టలు ఎవరివీ కావు. గౌను మడతలు కత్తిలా ఉన్నాయి. పిల్ల కూర్చుంది, మొదటి పేజీ మామూలుగా వాయించింది. టీచరమ్మ మనసు ఉల్లిపాయల దగ్గరే ఉంది.

రెండో పేజీ పైన, కుడిచేతి చివరి వేలు పై మెట్టు ఒకటి తాకింది. పిల్ల ఠక్కున ఆగిపోయింది. వెనకనుంచి ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు తల తిప్పి, తన వేలిని చూసుకుంది. పెద్దాయన పెన్ను బరబరా కదిలింది. హాల్లో ఎవరో సానుభూతిగా దగ్గారు. పిల్ల ఎవరినీ చూడలేదు. ఆ మెట్టునే మళ్ళీ ఒక్కసారి, ఒంటరిగా, మెల్లగా నొక్కింది. ఆ ధ్వని పూర్తిగా ఆరిపోయేదాకా వింది. తర్వాత ఒక లైను మొత్తం వదిలేసి, ఇందాకటి వేగంలో సగంతో, ప్రతి స్వరాన్నీ ముందు తను విని ఆ తర్వాతే వదులుతున్నట్టు చివరిదాకా వాయించింది.

టీచరమ్మ మనసులోంచి ఉల్లిపాయలు ఎప్పుడో జారిపోయాయి. ముప్ఫై ఏళ్ళుగా పాఠం చెబుతున్న పాట అది. అందులో ఇంత ఉందని ఆవిడకే తెలియదు. చప్పట్లు అయిపోయాయి, పదిహేనో నంబరును పిలిచారు, ఆవిడ ఇంకా పద్నాలుగు దగ్గరే ఉంది. కాగితంమీద పద్నాలుగు ఎదురుగా ఏడు కనిపించింది. ఒంటికి పట్టని చొక్కాలా ఉంది అది. ఆవిడ దాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన పది వేసింది. పదకొండేళ్ళలో ఆవిడ ఆ కుర్చీలో చేసిన మొదటి పని అదే.

సాయంత్రం ఫలితాలు చదివారు. పెద్దాయన శిష్యుడు, ఎనిమిదో నంబరు నీలం కోటుకు ఇరవై రెండు. పద్నాలుగో నంబరుకు పెద్దాయన ఐదు, మేడం ఎనిమిది, టీచరమ్మ పది. మొత్తం ఇరవై మూడు, ప్రథమ బహుమతి. వెనక వరసలో చేతులకు అక్కడక్కడా కాలిన మచ్చలున్న ఒకామె పక్కవాళ్ళను, "మా పిల్లేనా? మా పిల్లేనాండీ?" అని అడిగింది. ఎవరూ చెప్పే స్థితిలో లేరు. హాలంతా గగ్గోలెత్తింది. మధ్యలో ఆగిన పిల్లకు మొదటి బహుమతా? అదీ ఏడు టీచర్ పది వేయడమా? కార్యదర్శి గొంతు సవరించుకుని, కప్పు వచ్చే వారం ఇస్తామని చెప్పి, దాన్ని చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ వారంలో ఊళ్ళో రకరకాల కథలు పుట్టాయి. పెద్దాయనకు సందేహం లేదు, టీచరమ్మ కచేరీ మేడం వైపు చేరిపోయింది. మేడంకీ సందేహం లేదు, తన ఎనిమిదిని నవ్వులపాలు చేయడానికి పెద్దాయనే ఆవిడచేత పది వేయించాడు. ఇద్దరికీ మనసు ఎంత రగిలిపోయిందంటే, సంగతి తేల్చుకుందామని ఒకరికొకరు ఫోను చేసుకున్నారు. మొదటి ఫోను గంటసేపు నడిచిందట. ఇరవై ఏళ్ళ తర్వాత ఇద్దరూ ఒక విషయంమీద ఏకాభిప్రాయానికి వచ్చారు: టీచరమ్మను నమ్మడానికి లేదు.

విచారణ కార్యదర్శి టైల్సు దుకాణం వెనకగదిలో జరిగింది. హాలు ఆ రోజు వేరేవాళ్ళకు ఇచ్చేశారు. గోడలకు ఆనించిన స్నానాలగది టైల్సు నమూనాల మధ్య నలుగురూ కూర్చున్నారు. కార్యదర్శి మార్కుల కాగితం బల్లమీద పరిచి, కొట్టివేతమీద వేలు పెట్టాడు.

"టీచర్ గారూ, ఇది పొరపాటున దిద్దారా, కావాలని దిద్దారా?"

"కావాలనే."

"అంటే, ఎవరైనా చెబితే..."

"ఎవరూ ఏమీ చెప్పలేదండీ. ఆ పిల్ల వాయించింది. నేను విన్నాను."

"మరి మిగతా పదిహేడు మందివీ వినలేదా?" అని అడ్డుతగిలాడు పెద్దాయన, పట్టుకున్నానన్నట్టు.

ఏమన్నా సర్దిచెప్పవచ్చు. ఆవిడకు సర్దిచెప్పడం చేతకాని విద్యేమీ కాదు, పదకొండేళ్ళుగా చేస్తున్నది అదే. కానీ ఆ ప్రశ్న తగలవలసిన చోటే తగిలింది.

"లేదండీ," అంది. "వాళ్ళకు ఏడు పొద్దున బస్సులోనే వేసేశాను. ప్రతి ఏడాదీ అంతే."

ఇక తన పని అయిపోయిందని ఆవిడ అనుకుంది. కార్యదర్శి కుర్చీలో వెనక్కి వాలి, హాయిగా ఊపిరి వదిలాడు.

"అమ్మయ్య. ఇంతేనా! నేనింకా ఏమో అనుకుని హడలిపోయాను."

"అదేం తప్పు కాదు, అది అనుభవం," అన్నాడు పెద్దాయన.

"వినకముందే ఏడని తెలిసిపోయిందంటే, మాటలా!" అంది మేడం, పెద్దాయన వైపు చూసి.

కార్యదర్శి నియమాల పుస్తకం తీశాడు. ముందుగా మార్కులు వేయకూడదని అందులో ఎక్కడా లేదు. అలా ఎవరైనా వేస్తారని రాసినవాళ్ళకు తోచలేదు. కొట్టివేతల గురించి మాత్రం స్పష్టంగా ఉంది. కొట్టివేత ఉన్నచోట మొదట వేసిన మార్కే చెల్లుతుంది. ఆ లెక్కన పద్నాలుగో నంబరుకు పది పోయి ఏడే నిలిచింది. వినకుండా వేసినవన్నీ చెల్లాయి, విని వేసిన ఒక్కటీ చెల్లలేదు. మొత్తం ఇరవై. ఆరో స్థానం. కప్పు నీలం కోటుకు.

ఇంటికొచ్చి భర్తకు జరిగింది జరిగినట్టు చెప్పింది. ఊరడిస్తాడని ఎదురుచూసింది. ఆయన చెప్పులు విప్పుతూ అన్నాడు:

"అయితే పదిహేడు లిఫ్టులు ఎక్కి చూడకుండా సంతకం పెట్టావన్నమాట."

"పదిహేడు కాదండీ. పదకొండేళ్ళవి లెక్కేయండి," అంది ఆవిడ. అని, వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి చాలాసేపు గిన్నెలు కడిగింది. సింకులో ఉన్నవి రెండే.

మర్నాడు న్యాయనిర్ణేతగా ఇక ఉండనని ఉత్తరం రాసి పంపింది. మధ్యాహ్నానికే జవాబు వచ్చింది, ఆవిడ సేవలు మరపురానివని. ఉత్తరం అంత తొందరగా రావడం చూస్తే, అది ముందే టైపు చేసి ఉంచినట్టుంది. ఆవిడ స్థానంలో కార్యదర్శి తనే కూర్చోవడానికి పెద్దమనసుతో ఒప్పుకున్నాడు.

శనివారం ఆవిడ పద్నాలుగో నంబరు పిల్ల ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. పిల్ల తన పిన్ని దగ్గర ఉంటుంది. పిన్ని లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. ఇల్లు లాండ్రీ వెనకే, వేడి ఆవిరి, సబ్బు వాసన. గదిలో ఒక మూల నల్లటి పాత పియానో, దానిమీద మడతపెట్టిన దుప్పట్ల దొంతర. లాండ్రీకి బట్టలేసే హోటలు ఒకటి మూతపడుతూ, మోసుకుపోయే ఓపిక లేక దాన్ని వీళ్ళకు వదిలేసిందట.

పిన్ని కంగారుగా కుర్చీ తుడిచింది. "కప్పు గురించే వచ్చారా అమ్మా? మాకేం బాధ లేదు. పెట్టుకోవడానికి చోటు కూడా లేదు."

టీచరమ్మ క్షమించమని అడగడానికి మాటలు కూర్చుకుని వచ్చింది. పిల్ల ఆవిడకు ఆ అవకాశం ఇవ్వలేదు.

"టీచర్, నాకు పది ఎందుకు వేశారు? ఒక లైను మింగేశాను కదా!"

"మింగేశావు. విన్నాను."

"పెద్దాయన ఐదు వేశారు. అదే కరెక్టు."

"సరే, అదలా ఉంచు. నువ్వు ఎందుకు ఆగావో చెప్పు."

పిల్ల పిన్ని మొహం చూసి, సిగ్గుపడుతూ పియానో మూత ఎత్తింది. పైవైపు మూడు మెట్లు నొక్కి చూపించింది. టక్, టక్, టక్. చెక్క చప్పుడే తప్ప స్వరం లేదు.

"ఇవి పలకవు టీచర్. ఎప్పుడూ పలకలేదు. పాటలో ఇవొచ్చినచోట నేను మనసులో అనుకుని వెళ్ళిపోతాను. అక్కడ హాల్లో అది పలికేసరికి..."

"భయం వేసిందా?"

"ఊఁ. ఎవరో పక్కన పాడినట్టు అనిపించింది."

"మరి రెండోసారి ఎందుకు నొక్కావు?"

"నిజంగానే పలికిందా, లేక నేనే అనుకున్నానా అని."

ఆ ఒక్క స్వరం గురించి టీచరమ్మ వారం రోజులుగా ఏమేమో ఊహించుకుంది. ఆ పిల్లలో పుట్టుకతో వచ్చిన మహా విద్వాంసురాలు ఎవరో ఉందని, తను ఒక్కతే కనిపెట్టానని లోలోపల కాస్త గర్వపడింది కూడా. తీరా చూస్తే మెట్టు పనిచేస్తోందో లేదో పరీక్షించుకున్న పిల్ల. పది వేయడం తప్పేమోనని ఒక్క క్షణం మనసు పీకింది. కానీ ఆ తర్వాత మూడు పేజీలూ అలా వింటూ వాయించింది ఎవరు? హాల్లో అంతమంది ఉండగా, తను నొక్కిన స్వరం ఎలా ఉందో తెలుసుకోవాలనుకున్నది ఆ పిల్ల ఒక్కతే. పది పదే. ఈసారి కొట్టేయడానికి ఏమీ లేదు.

ఆదివారం ఆవిడ భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. పియానోలు తన శాఖ కాదని ఆయన దారంతా గొణిగాడు గానీ, ముందుపలక విప్పగానే చొక్కా చేతులు మడిచాడు. టార్చి నోట కరుచుకుని అరగంట తవ్వి, మెట్ల కిందనుంచి ఏడెనిమిది చొక్కా గుండీలు, ఒక లాండ్రీ చీటీ, విరిగిన దువ్వెన ముక్క బయటికి తీశాడు. మూడు మెట్లకూ అడ్డం పడింది ఆ గుండీలే. పిన్ని వాటిలో ఒక ముత్యపు గుండీని గుర్తుపట్టి నెత్తి కొట్టుకుంది. దానికోసం ఒకాయన దుకాణం ముందు నిలబడి అరిచి వెళ్ళాడట. "దొంగ ముండావాళ్ళం అన్నాడమ్మా మమ్మల్ని! ఇప్పుడు చొక్కా కూడా పాతబడిపోయి ఉంటుంది."

ఆనాటినుంచి పిల్ల శనివారాలు మూడో అంతస్తుకు రావడం మొదలుపెట్టింది. టీచరమ్మ అందరి వాయింపూ చెవిపెట్టి వినడం, విన్నది చెప్పడం కూడా అప్పుడే మొదలైంది. పద్నాలుగు మంది శిష్యులు రెండు నెలల్లో తొమ్మిదిమందయ్యారు. "ఇదివరకు మీరు ఇలా ఉండేవారు కాదు," అన్నాడు ఒక తండ్రి నొచ్చుకుంటూ. "ఉండేదాన్ని కాదండీ, నిజమే," అని ఒప్పుకుంది.

ఒకరోజు నీలం కోటు పిల్లవాడు తలుపు కొట్టాడు. కోటు లేదు, మొహంలో కప్పు గెలిచిన కళా లేదు.

"టీచర్, నాకు నిజంగా ఎన్ని?"

"నేను నీది వినలేదు బాబూ."

"తెలుసు. అందుకే వచ్చాను. ఇప్పుడు వింటారా?"

వింది. మొదటి రెండు పేజీలూ చక్కగా ఉన్నాయని, మూడో పేజీనుంచి పాట వదిలేసి గడియారం కోసం వాయించాడని చెప్పింది. పిల్లవాడు చెవులదాకా ఎర్రబడ్డాడు. థాంక్స్ కూడా చెప్పకుండా వెళ్ళిపోయాడు. పోయాడులే అనుకుంది. పై శనివారం మూడో పేజీ పట్టుకుని మళ్ళీ వచ్చాడు.

మరుసటి ఏడాది పోటీకి టీచరమ్మ టికెట్టు తీసుకుని వెనక వరసలో, పిన్ని పక్కన కూర్చుంది. ముందు బల్ల దగ్గర పెద్దాయన, కచేరీ మేడం ఒకే ఫ్లాస్కులో టీ పంచుకుంటున్నారు. స్నేహం ఎంత ముదిరిందంటే ఇప్పుడు ఇద్దరి మార్కులూ ఒకటే. బరువురాయి అవసరం తీరిపోయింది. కార్యదర్శి మధ్యలో కూర్చుని, రెండు వైపులా తొంగిచూసి, అదే అంకె వేసుకుంటున్నాడు. పిల్ల ఎక్కడా ఆగకుండా నాలుగు పేజీలూ వాయించింది. మూడో బహుమతి వచ్చింది.

చప్పట్లు కొట్టి కొట్టి పిన్ని చేతులు ఎర్రబడ్డాయి. కాసేపాగి, టీచరమ్మ వైపు వంగి, ఎవరూ వినకుండా అడిగింది.

"బాగా వాయించిందా అమ్మా? నిజం చెప్పండి."

"బాగానే వాయించింది. రెండో పేజీలో కాస్త తొందరపడింది."

పిన్ని ఒళ్ళో చేతులు ముడుచుకుని ఆలోచించింది.

"నాకూ అక్కడే అనిపించిందండీ. పైకి అనకూడదేమోనని ఊరుకున్నాను," అంది.